గురుత్వాకర్షణను గడియారంతో లెక్కించడం ఎలా

సాపేక్షతా సిద్ధాంతంలో గురుత్వాకర్షణ లెక్కలు నేర్చుకోవాలని కూర్చున్నవాళ్లు చాలామంది మొదటే టెన్సర్ల (ఈ సిద్ధాంతాన్ని రాసే క్లిష్టమైన గణిత రాశుల) పుస్తకం తెరుస్తారు. మూడో అధ్యాయం దాటకముందే అది అటకెక్కుతుంది. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినన్నాళ్లూ ఇది చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఈ సిద్ధాంతం సారంలో పెద్ద భాగం బీజగణితం, కాస్త కలనగణితం వచ్చినవారికి ఒక నోటుపుస్తకంలోనే అందుతుంది. అందుకు ఒక అలవాటు మార్చుకోవాలి. గురుత్వాకర్షణ అనగానే ‘ఎంత బలంతో లాగుతోంది’ అని అడగడం మానేసి, ‘ఇక్కడి గడియారానికీ అక్కడి గడియారానికీ నడకలో తేడా ఎంత’ అని అడగాలి. కింద చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతే.

కాగితం, పెన్ను, సైంటిఫిక్ కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. కాంతి వేగాన్ని ‘క’ అని రాద్దాం; అది సెకనుకు 29,97,92,458 మీటర్లు. త్వరణాన్ని ‘త’ అని, ఎత్తును ‘ఎ’ అని రాద్దాం. ప్రతి మెట్టులోనూ ప్రమాణాలు రాయండి, బద్ధకించకండి. ఈ లెక్కల్లో తప్పులు ఎక్కువగా దొరికిపోయేది ప్రమాణాల దగ్గరే.

మొదటి నిష్పత్తి

నక్షత్రాలకు దూరంగా, ఏ గురుత్వమూ లేని చోట ఒక రాకెట్ ‘త’ త్వరణంతో పైకి పోతోందనుకోండి. నేల మీద ఒక దీపం, దానికి ‘ఎ’ ఎత్తులో కప్పు దగ్గర ఒక కాంతి గ్రాహకం ఉన్నాయి. దీపం నుంచి వెలువడిన కాంతి కప్పును చేరడానికి సుమారు ఎ ÷ క సెకన్లు పడుతుంది. ఆలోపు కప్పు వేగం త × ఎ ÷ క మేరకు పెరుగుతుంది. అంటే కాంతి బయలుదేరినప్పటి దీపంతో పోలిస్తే, కాంతిని అందుకునే వేళకు కప్పు అంత వేగంతో దూరంగా జరుగుతోంది. దూరంగా జరిగేవారికి అలలు తక్కువ పౌనఃపున్యంతో అందడాన్ని డాప్లర్ ప్రభావం అంటారు. దాని ప్రకారం పౌనఃపున్యంలో తగ్గే భాగం ఆ వేగాన్ని ‘క’తో భాగిస్తే వస్తుంది. కాబట్టి:

పౌనఃపున్యంలో తేడా భాగం = త × ఎ ÷ క²

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. దీపం సెకనుకు ఇన్ని అలలని పంపుతోంది. కప్పు దగ్గర సెకనుకు అంతకంటే తక్కువ అలలు లెక్కకు వస్తున్నాయి. రాకెట్ పొడవు మారడం లేదు, ఇదే తేడా గంటల తరబడి సాగుతోంది. మరి మిగిలిన అలలు ఎక్కడికి పోయినట్టు? దారిలో పేరుకుపోవడానికి చోటు లేదు. అలలేవీ మాయం కావడం లేదు కాబట్టి తేడా ఉండాల్సింది సెకన్లలోనే. నేల మీది గడియారం కప్పు దగ్గరి గడియారం కంటే నెమ్మదిగా నడుస్తోంది. ఇందులో ఇద్దరికీ పేచీ లేదు: కిందివాడు చూసినా పైగడియారమే వేగంగా కనిపిస్తుంది. సమవేగంతో ఒకరినొకరు దాటుకుపోయే ఇద్దరి విషయంలోనైతే ఎవరి లెక్కలో వారికి ఎదుటివారి గడియారమే నెమ్మదిగా నడుస్తుంది; ఆ పరిస్థితికీ దీనికీ ఇదే పెద్ద తేడా.

1907లో బెర్న్ నగరంలో పేటెంట్ కార్యాలయంలో పనిచేస్తున్న ఐన్‌స్టీన్ వేసిన అడుగు ఇది: రాకెట్ లోపల జరిగేదంతా నేల మీద నిలబడి ఉన్న గదిలోనూ జరగాలి. దీన్నే తుల్యతా సూత్రం అంటారు. అది ఒప్పుకుంటే భూమి మీద కూడా త × ఎ ÷ క² వర్తిస్తుంది. భూమి గురుత్వ త్వరణం త = 9.8 (సెకను వర్గానికి మీటర్లు), ఎ = 1 మీటరు వేసి చూడండి. 1.09 × 10⁻¹⁶ వస్తుంది. ప్రతి మీటరు ఎత్తుకూ గడియారం నడకలో అంత తేడా. ఈ సంఖ్యను కంఠస్థం చేయండి, ఎక్కడికి పోయినా పనికొస్తుంది.

కాలిక్యులేటర్ విషయంలో ఒక హెచ్చరిక. సాధారణ కంప్యూటర్ ప్రోగ్రాములు దశాంశ సంఖ్యలను సుమారు 16 అంకెల వరకే గుర్తుంచుకుంటాయి. 1 + 1.09 × 10⁻¹⁶ అని టైపు చేస్తే కచ్చితంగా 1 అనే జవాబు వస్తుంది. మీటరు ఎత్తు ప్రభావం మొత్తం గల్లంతవుతుంది. అందుకే ఎప్పుడూ తేడాను మాత్రమే విడిగా లెక్కించండి, దానికి 1 కలపకండి. వర్గమూలం ఉన్న చోట √(1 − చిన్న సంఖ్య) బదులు ‘చిన్న సంఖ్యలో సగం తగ్గుతుంది’ అనే ఉజ్జాయింపు వాడండి. ఇది అడ్డదారి కాదు, ఇంత చిన్న సంఖ్యల దగ్గర ఇదే సరైన దారి.

ఈ నిష్పత్తిని ప్రయోగశాలలో మొదట పట్టుకున్నది అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పౌండ్, రెబ్కా అనే భౌతిక శాస్త్రవేత్తలు. వారి ఫలితం 1960లో వెలువడింది. వారు వాడిన గోపురం ఎత్తు 22.5 మీటర్లు. గుణించండి: 22.5 × 1.09 × 10⁻¹⁶ అంటే సుమారు 2.5 × 10⁻¹⁵. ఇంత సూక్ష్మమైన తేడా తెలియాలంటే పౌనఃపున్యం అత్యంత నిర్దిష్టంగా ఉండే కిరణాలు కావాలి. ఇనుము-57 కేంద్రకం వెలువరించే 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు, మాస్‌బవర్ ప్రభావం (స్ఫటికంలో బిగిసి ఉన్న కేంద్రకం వెనక్కి తన్నుకోకుండా కిరణాన్ని వెలువరించడం) పుణ్యమా అని, ఆ పనికి సరిపోయాయి. మూలాన్ని చాలా నెమ్మదిగా కదిలించి, డాప్లర్ ప్రభావంతో ఈ తేడాను రద్దు చేయడం వారి పద్ధతి. ఎంత వేగం కావాలో మీరే లెక్కించండి: ‘క’ను 2.5 × 10⁻¹⁵తో గుణిస్తే సెకనుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా రాదు. నాకు ఈ ప్రయోగం అంటే ఎంతో ఇష్టం. మొత్తం సిద్ధాంతం ఒక భవనంలోని మెట్ల ఎత్తులోకి వచ్చి కూర్చుంది.

బలం కాదు, పొటెన్షియల్

త × ఎ అనే లబ్ధాన్ని గమనించండి. అది త్వరణం కాదు, ఒక కిలో బరువును అంత ఎత్తుకు మోయడానికి కావాల్సిన శక్తి. అంటే గురుత్వ పొటెన్షియల్‌లో తేడా. గడియారాన్ని నెమ్మదింపజేసేది అదే. భూమి కేంద్రంలో గురుత్వ బలం సున్నా, అయినా అక్కడి గడియారం ఉపరితలం మీది దానికంటే నెమ్మదిగా నడుస్తుంది, ఎందుకంటే పొటెన్షియల్ అక్కడే అతి తక్కువ. బలాన్ని పట్టుకుని వేలాడేవారికి ఇది ఎప్పటికీ కొరుకుడు పడదు.

త్వరణం ఒక్కటే గడియారాన్ని మార్చదనడానికి మరో సాక్ష్యం ఉంది. 1977లో ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రమైన సెర్న్ శాస్త్రవేత్తలు మ్యుయాన్లను (ఎలక్ట్రాన్‌ను పోలిన, త్వరగా నశించే బరువైన కణాలను) వలయంలో తిప్పారు. నిశ్చలంగా ఉంటే 2.2 మైక్రోసెకన్లు ఉండే వాటి సగటు ఆయుష్షు 64.4 మైక్రోసెకన్లకు పెరిగింది. ఆ పెరుగుదలకు వాటి వేగమే సరిపోయింది. భూమి గురుత్వ త్వరణానికి సుమారు 10¹⁸ రెట్ల త్వరణాన్ని అవి అనుభవిస్తున్నా, దాని వల్ల విడిగా ఏ మార్పూ కనిపించలేదు.

ఇప్పుడు ఎత్తు బాగా పెరిగినప్పుడు ఏం చేయాలో చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. మీటరుకు 1.09 × 10⁻¹⁶ చొప్పున గుణించేస్తే రోజుకు 190 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. అది తప్పు, పైకి వెళ్లేకొద్దీ ‘త’ తగ్గుతుంది కదా. పొటెన్షియల్ సూత్రం వాడాలి. గురుత్వ స్థిరాంకాన్ని భూమి ద్రవ్యరాశితో గుణించి క²తో భాగించండి. భూమి మొత్తం ఒక పొడవుగా మారుతుంది: 4.435 మిల్లీమీటర్లు. ఈ పొడవును కేంద్రం నుంచి దూరంతో భాగిస్తే అక్కడి గడియారం ఎంత నెమ్మదిస్తుందో వస్తుంది.

ఉపరితలం దగ్గర, 0.004435 ÷ 63,71,000 = 6.96 × 10⁻¹⁰.
కక్ష్యలో, 0.004435 ÷ 2,65,60,000 = 1.67 × 10⁻¹⁰.

తేడా 5.29 × 10⁻¹⁰. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఉపగ్రహ గడియారం రోజుకు 45.7 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. అయితే అది సెకనుకు 3.87 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది కూడా. వేగం వర్గాన్ని 2క²తో భాగిస్తే 8.33 × 10⁻¹¹, అంటే రోజుకు 7.2 మైక్రోసెకన్లు వెనక్కి. నికరంగా 38.5. భూమధ్యరేఖ మీది గడియారం కూడా భూమితో పాటు తిరుగుతోంది కాబట్టి ఇంకో 0.1 కలుస్తుంది. అందుకే ఉపగ్రహంలోని 10.23 మెగాహెర్ట్జ్ గడియారాన్ని నేల మీద ఉండగానే 10.22999999543 మెగాహెర్ట్జ్‌కు అమరుస్తారు. ఈ రెండు సంఖ్యల తేడాను 10.23తో భాగించి 86,400తో గుణించి చూడండి. మీ కాగితం మీద వచ్చిన 38.6 మైక్రోసెకన్లే అక్కడ ఉంటాయి. అంత సమయంలో కాంతి పదకొండు కిలోమీటర్లకు పైగా పోతుంది. దిద్దుబాటు లేకపోతే దారి చూపే లెక్క ఎంత గందరగోళమయ్యేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

విసిరిన బంతి చేసే లెక్క

నేను అన్నింటికంటే ప్రేమగా చెప్పే పాఠం ఇది. దయచేసి చదివి వదిలేయకండి, చేతితో చేయండి.

నేల మీద నుంచి ఒక బంతిని పైకి విసిరితే సరిగ్గా 2 సెకన్లకు తిరిగి చేతికొచ్చింది. ఆ రెండు సెకన్లలో అది ఏ దారిన పోయి ఉంటుంది? బంతికి ఒక గడియారం కట్టి ఉందనుకోండి. ఎత్తుకు వెళితే ఆ గడియారం మన గడియారం కంటే వేగంగా నడిచి లాభం సంపాదిస్తుంది. కానీ ఎత్తుకు వెళ్లాలంటే వేగంగా కదలాలి, వేగం వల్ల నష్టం వస్తుంది. ప్రతి క్షణం నికర లాభం ఇంత:

(9.8 × ఎత్తు − వేగం² ÷ 2) ÷ క²

ఇప్పుడు రకరకాల దారులను పోల్చుదాం. గడిచిన సెకన్లను ‘స’ అనండి. ఎత్తు = మ × స × (2 − స) అనుకుందాం. ‘స’ 0 అయినా 2 అయినా ఎత్తు సున్నా. ‘మ’ ఎంత పెద్దదైతే బంతి అంత పైకి పోతుంది. వేగం = మ × (2 − 2స). స = 0 నుంచి 2 వరకు సమాకలనం చేయండి. ఎత్తు సమాకలనం మ × 4/3. వేగం వర్గంలో సగం సమాకలనం మ² × 4/3. కాబట్టి రెండు సెకన్ల మొత్తం లాభం:

(4/3) × (9.8 × మ − మ²) ÷ క²

మ = 0 అయితే బంతి నేల మీదే ఉంది, లాభం సున్నా. మ = 9.8 అయితే బంతి 9.8 మీటర్ల ఎత్తుకు దూసుకుపోయింది, కానీ ఎత్తు వల్ల వచ్చినదంతా వేగం తినేసింది, మళ్లీ సున్నా. సరిగ్గా మధ్యలో, మ = 4.9 దగ్గర లాభం గరిష్ఠం. అప్పుడు బంతి అందుకునే ఎత్తు 4.9 మీటర్లు. పాఠశాలలో నేర్చుకున్న సూత్రంతో సరిచూడండి: ఒక సెకను పైకి, ఒక సెకను కిందికి, ఎత్తు ½ × 9.8 × 1² = 4.9 మీటర్లు. అదే!

గరిష్ఠ లాభం 3.6 × 10⁻¹⁶ సెకన్లు మాత్రమే. అయినా బంతి ఆ దారినే పట్టింది. ఈ లెక్కలో ఎక్కడా ‘భూమి బంతిని లాగుతోంది’ అన్న మాట వాడలేదు. తన గడియారం ఎక్కువ కాలం చూపే దారిన బంతి పోయింది, అంతే. స్వేచ్ఛగా పడే ప్రతి వస్తువుకూ ఇదే నియమం. పుస్తకాల్లో దీనికి జియోడెసిక్ అని పేరు. ద్రవ్యరాశి లెక్కలోకి రాలేదు కాబట్టి బరువైనదీ తేలికైనదీ ఒకే తీరున ఎందుకు పడతాయో కూడా ఇక్కడే తేలిపోయింది. ‘మ’ బదులు వేరే ఆకారాలు, ఉదాహరణకు సైన్ వక్రం, వేసి చూడండి. ఏదీ 4.9 పరావలయాన్ని మించదు.

ఏళ్ల తరబడి సాగే త్వరణం

రాకెట్‌లో ఉన్నవారు ఎప్పుడూ 9.8 త్వరణాన్నే అనుభవిస్తూ ఒక సంవత్సరం ప్రయాణిస్తే? న్యూటన్ పద్ధతిలో వేగం కాంతిని దాటేస్తుంది, 1.03 రెట్లు. అలా జరగదు, ఎందుకంటే వేగాలు నేరుగా కూడవు. కూడేది రాపిడిటీ అనే కొలత. వేగం ÷ క దాని హైపర్బోలిక్ టాంజెంట్ (కాలిక్యులేటర్‌లో tanh; కింద వచ్చే హైపర్బోలిక్ సైన్, కొసైన్‌లు sinh, cosh). నౌకలో గడిచే ప్రతి క్షణమూ రాపిడిటీకి సమానంగా కలుస్తూ పోతుంది. ఈ ఒక్క వాక్యం నుంచే మిగతావన్నీ వస్తాయి.

కాలాన్ని సంవత్సరాల్లో, దూరాన్ని కాంతి సంవత్సరాల్లో కొలవండి. అప్పుడు క = 1, త = 1.03. నౌక గడియారం చూపే సంవత్సరాలను 1.03తో గుణించి రాపిడిటీ తీయండి. దాని హైపర్బోలిక్ సైన్‌ను 1.03తో భాగిస్తే భూమి మీద గడిచిన కాలం. హైపర్బోలిక్ కొసైన్ నుంచి 1 తీసివేసి 1.03తో భాగిస్తే వెళ్లిన దూరం. నౌకలో 1 సంవత్సరానికి భూమి మీద 1.19 సంవత్సరాలు, దూరం 0.56 కాంతి సంవత్సరాలు, వేగం కాంతిలో 0.77 వంతు. 2 సంవత్సరాలకు 3.75, 2.9, 0.97. నౌకలో 5 సంవత్సరాలు గడిస్తే భూమి మీద 83.7 సంవత్సరాలు గడిచిపోతాయి.

కాలం ఒక అక్షంగా, దూరం ఒక అక్షంగా గీస్తే ఈ ప్రయాణం అతిపరావలయం (హైపర్బోలా అనే వక్రం). దాని కేంద్రం బయలుదేరిన చోటికి క² ÷ త దూరం వెనక ఉంటుంది, 9.8 త్వరణానికి అది 0.97 కాంతి సంవత్సరం. నౌక బయలుదేరిన క్షణంలో ఆ కేంద్రం నుంచి వెలువడిన కాంతి నౌకను ఎన్నటికీ అందుకోలేదు, ఎందుకంటే వక్రం ఆ కాంతిరేఖకు చేరువవుతూ పోతుందే తప్ప దాన్ని తాకదు. నౌకలోనివారికి అది క్షితిజం, అంటే అవతలి నుంచి ఏ కబురూ అందని హద్దు.

నౌక అడుగు ఒక అతిపరావలయం మీద, కప్పు అదే కేంద్రం చుట్టూ ఇంకాస్త పెద్ద అతిపరావలయం మీద పోతాయి. పరుగుపందెం మైదానంలో లోపలి వరుస, బయటి వరుస లాంటివి ఇవి: ఒకే మలుపులో బయటి వరుస పొడవు ఎక్కువ. ఇక్కడ వక్రం పొడవే ఆ గడియారం చూపే కాలం. కప్పు కాలాన్ని అడుగు కాలంతో భాగిస్తే కేంద్రం నుంచి దూరాల నిష్పత్తి వస్తుంది: 1 + త × ఎ ÷ క². డాప్లర్‌తో ఉజ్జాయింపుగా తెచ్చుకున్న సూత్రం ఇక్కడ జ్యామితిలోంచి కచ్చితంగా ఊడిపడింది. అడుగు భాగానికి కేంద్రం దగ్గర కాబట్టి అక్కడ త్వరణం కొంచెం ఎక్కువ, కప్పు దగ్గర కొంచెం తక్కువ. నౌక సాగకుండా, విరగకుండా ఉండాలంటే అలాగే ఉండాలి.

పోలిక ఎక్కడ తెగుతుంది

రాకెట్‌ను, భూమిని పూర్తిగా ఒకటే అనుకుంటే పొరపాటు. భూమి దగ్గర గాలి లేని గొట్టంలో నిట్టనిలువుగా ఒక మీటరు ఎడంలో ఉన్న రెండు గుండ్లను ఒకేసారి వదలండి. కిందిది కాస్త ఎక్కువ త్వరణంతో పడుతుంది. వాటి మధ్య ఎడం ప్రతి మీటరుకూ 3.08 × 10⁻⁶ త్వరణంతో పెరుగుతుంది, 9.8 × 2 ÷ 63,71,000 చేస్తే ఇది వస్తుంది. పది సెకన్లలో తేడా 0.15 మిల్లీమీటరు. పక్కపక్కన ఉన్న గుండ్లు రెండూ భూమి కేంద్రం వైపే పడతాయి కాబట్టి దగ్గరవుతాయి, కానీ అందులో సగం చొప్పున. రాకెట్‌లో ఈ రెండూ ఉండవు. సముద్రంలో ఆటుపోట్లు పుట్టించేది ఇదే. స్థలకాలాల నిజమైన వక్రతకు (వంపుకు) గుర్తు కూడా ఇదే. ఎంత చాకచక్యంగా కదిలే చూపరికైనా దీన్ని చెరిపేయడం సాధ్యం కాదు.

నిలువు దిక్కున 2 వంతులు పెరుగుదల, అడ్డంగా రెండు దిక్కుల్లో ఒక్కో వంతు తగ్గుదల. 2 − 1 − 1 = 0. పదార్థం లేని చోట ఈ మొత్తం సున్నా కావాలన్నదే, అన్ని దిక్కుల్లో కదిలే చూపరులందరికీ వర్తించేలా రాస్తే, శూన్యంలో ఐన్‌స్టీన్ సమీకరణం అవుతుంది.

వక్రత లెక్కలో చేరిందా లేదా అన్నది కాంతి వంపులో తేలుతుంది. 1911లో ఐన్‌స్టీన్ తుల్యతా సూత్రం ఒక్కటే వాడి, సూర్యుడి అంచును తాకుతూ పోయే కాంతి 0.83 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగుతుందని రాశారు. నేటి విలువలతో అదే లెక్క 0.87 ఇస్తుంది. ఇది గడియారాల తేడా తెచ్చే వంపు. స్థలం కూడా వంగి ఉండటం వల్ల ఇంకో అంతే కలుస్తుందని 1915లో పూర్తి సిద్ధాంతం చెప్పింది, మొత్తం 1.75. 1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ప్రిన్సిపె దీవిలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో తీసిన ఛాయాచిత్రాలు పూర్తి విలువ వైపే మొగ్గాయి.

సూత్రం సులువు. భూమికి 4.435 మిల్లీమీటర్లు తెచ్చినట్టే సూర్యుడికి తీస్తే 1.477 కిలోమీటర్లు. దాన్ని 4తో గుణించి, సూర్యుడి వ్యాసార్ధం 6,96,000 కిలోమీటర్లతో భాగించి, రేడియన్లను ఆర్క్‌సెకన్లలోకి మార్చడానికి 2,06,265తో గుణించండి. అది కుదిరాక బృహస్పతికి చేయండి: పొడవు 1.41 మీటర్లు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 71,492 కిలోమీటర్లు. జవాబు 0.016 ఆర్క్‌సెకన్ల దగ్గర రావాలి. 0.008 వస్తే గడియారాల వాటా మాత్రమే లెక్కించి, స్థలం వంపును వదిలేశారన్నమాట.